అన్నం బెల్లు కొట్టాక పిల్లలెటు పోతారు

ముందు వార్త చెప్పేస్తాను. అది చెప్పకుండా మిగతాది రాయడం నా వల్ల కాదు. మా దస్తగిరమ్మ హెడ్మిస్ట్రెస్ అయింది!

ఎర్రగుంట్ల అవతల, సిమెంటు ఫ్యాక్టరీ గొట్టాలు కనిపించే ఒక చిన్న ఊళ్ళో ఇద్దరు టీచర్ల బడి. రెండో టీచరు ఇంకా చేరలేదు. కాబట్టి ప్రస్తుతానికి హెడ్మిస్ట్రెస్సూ ఆమే, అసిస్టెంటూ ఆమే, బెల్లు కొట్టేదీ ఆమే. అయితేనేం! పొద్దున్నే ఫోన్ చేసింది.

"మేడం, కుర్చీలో కూచున్యా."

"ఎట్లుండాది?"

"ఒక కాలు పొట్టిగా ఉండాది మేడం. ఊగుతాంది."

ఇద్దరం చాలాసేపు నవ్వాం. ఫోన్ పెట్టేశాక నేను ఊరికే ఉండలేదు. పాలావిడకు చెప్పాను, ఎదురింటి వాళ్ళకు చెప్పాను, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయనకు కూడా చెప్పాను. మా ఆయన విసుక్కున్నాడు. "ఇంక చాలు లేవే, ఆయమ్మి కలెక్టరేం కాల్యా కదా!" కలెక్టరయి ఉంటే నేను ఇంత గంతులేసేదాన్ని కాదు. బడి హెడ్మిస్ట్రెస్ అయింది కాబట్టే ఈ గంతులు. ఎందుకంటే ఈ పిల్ల పేరును పదో తరగతి పరీక్షకు పంపేది లేదని ఒకప్పుడు మా బళ్ళోనే తేల్చేశారు.

కొత్తగా టీచర్లుగా చేరుతున్న మీ కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు రాయను. అవి మీకూ వస్తాయి, వచ్చినప్పుడు మీరే విసుక్కుంటారు.

గౌను ఫొటో

నా పేరు సుంకులమ్మ. మా నాయన బేతంచెర్లలో నాపబండల లారీలకు హమాలీ. లోడెత్తి, ఆ లారీతోనే పోయి, దించి వచ్చేవాడు. ఆయన ఎప్పుడు ఏ ఊళ్ళో అన్నం తినేవాడో మాకు తెలిసేది కాదు. మా ఇంట్లోనే కాదు, మా వంశంలోనే డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. ఈ మాట ఇప్పటికీ అవసరం లేని చోట్ల కూడా చెబుతుంటాను. ఓర్చుకోండి.

డిగ్రీ వచ్చాక కర్నూలు స్టూడియోలో అద్దె గౌను తొడుక్కుని ఫొటో దిగాను. నాయన దాన్ని తలుపుకు ఎదురుగా తగిలించాడు. నల్లగౌను చూసి వీధంతా నేను లాయరునయ్యాననుకున్నారు. గట్టు తగాదా పట్టుకుని ఒకాయన ఇంటికే వచ్చేశాడు.

"లాయరు కాదప్పా, మా పాప బీయెస్సీ" అన్నాడు నాయన.

"అంటే పెద్దకోర్టులో వాదిస్తాదా?"

నాయనకు ఓడిపోవడం ఇష్టం లేదు. "అన్నిట్లో వాదిస్తాది" అన్నాడు.

నేను సేవ చేద్దామని టీచరు కాలేదు. లెక్కలంటే ఇష్టం. పైగా మా వీధిలో ఇస్త్రీ చీర కట్టుకుని పనికి పోయే ఆడమనిషి టీచరమ్మ ఒక్కతే. చేరిన తర్వాత మాత్రం ఒక పిచ్చి పట్టుకుంది. ఇంకే ఇంట్లోనైనా అలాంటి మొదటి ఫొటో తగిలించాలి. ఆ ఇంటి రెండో ఫొటో వాళ్ళే చూసుకుంటారు, నాకు దానితో పని లేదు. మొదటిదే కష్టం. నా ఉద్యోగమంతా ఆ మేకు కొట్టే పనే అనుకుంటాను.

ఈరమ్మ పప్పు

నేను లెక్కల టీచరుగా చేసిన హైస్కూలు బేతంచెర్లకు ఆనుకుని ఉన్న పల్లెలో. చుట్టూ బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు. అంచు విరిగిన బండలు వాళ్ళిస్తే బడి వరండా అంతా పరిపించుకున్నాం.

మా హెడ్మాస్టరు ఓబుల్‌రెడ్డి సార్. పొలాలున్న ఇంటి మనిషి, వంకాయలు పండించేవాడు. ఆయన ఆఫీసు గదిలో దగ్గితే పదో తరగతి దాకా మాటలు ఆగిపోయేవి. నాకు దొరికిన పై అధికారుల్లో అంత ముక్కోపి ఇంకొకరు లేరు, అంత మంచివాడూ లేడు. ఆయనకు గేటు మీద ఒక పట్టింపు. పొద్దునైనా, అన్నాల తర్వాతైనా రెండో బెల్లు కొట్టాక వచ్చినవాడికి, వాడు ఎవరైనా సరే, గేటు తీయకూడదు.

మా బడికి ఒక రోగముండేది. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే పెద్ద తరగతుల పిల్లలు రెండు ముద్దలు మింగి మాయమయ్యేవారు. ఇంక సాయంత్రం దాకా రారు. అన్నాల తర్వాత నా లెక్కల పీరియడులో సగం బెంచీలు ఖాళీగా ఉండేవి.

స్టాఫ్ రూములో అందరం కూర్చుని కారణం కనిపెట్టాం. బడి అన్నం బాగా లేదు, అందుకే ఇళ్ళకు పోతున్నారు. సార్ వంటావిడ ఈరమ్మను పిలిపించాడు.

"ఏమ్మా ఈరమ్మా, పప్పు నీళ్ళు నీళ్ళుగా ఉంటాదంటనే?"

"ఎవురన్యారు సారూ? నా ఎదురుగా అనమనండి. నా పప్పు గరిటెతో ఎత్తితే కింద పడేకి ఆలోచన చేస్తాది."

"మరి పిల్లోల్లు తినకుండా యాడికి పోతాండారు?"

"నన్నడిగితే ఎట్ల సారూ? గరిటె నా చేతిలో ఉండాది. వాళ్ళ కాళ్ళు నా చేతిలో ఉండాయా?"

సార్ వినలేదు. మర్నాటి నుంచి తన తోట వంకాయలు, టమోటాలు మోపెడ్ మీద తెచ్చి దింపేవాడు. పప్పులో తాలింపు పెంచమన్నాడు. తనే మొదటి ముద్ద తిని, తలూపి, తర్వాత వడ్డించమనేవాడు. పిల్లలు మారు వడ్డించుకుని మరీ తిన్నారు. తిని, మునుపటికన్నా బలంగా పరిగెత్తారు.

నవ్వుకోండి, కానీ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అంతమంది చదువుకున్నవాళ్ళం, కారణాన్ని మా ప్రహరీ గోడ లోపలే వెతికాం. మాకు తెలిసింది బడి. అందుకని తప్పు కూడా బడి వంటింట్లోనే దొరుకుతుందనుకున్నాం. మీరూ అదే చేస్తారు, చూస్తూ ఉండండి. పిల్లలు రాకపోతే టైమ్‌టేబుల్ మారుస్తారు, గోడల మీద బొమ్మలు వేయిస్తారు. గేటు దాటి నాలుగు అడుగులు మాత్రం వేయరు.

గోడ దూకిన పిల్ల

పప్పుతో పని జరగలేదని సార్ అన్నం బెల్లు వేళకు కూడా గేటుకు తాళం వేయించాడు. మొదటిరోజు పిల్లలు గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డారు. మర్నాడు దస్తగిరమ్మ గోడ దూకింది.

అప్పుడామె పదో తరగతి. బక్కపిల్ల. నేను బోర్డు మీద లెక్క సగం రాయకముందే జవాబు చెప్పేసి, మిగతా సగం రాసే సంతోషం నాకు లేకుండా చేసేది. అమ్మా నాయనా ఇద్దరూ పాలిష్ ఫ్యాక్టరీలోనే పనిచేసేవారు. మరుసటిరోజు పొద్దున సార్ ఆఫీసు గదికి పిలిచాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఏమ్మే, గోడ దూకినావా?"

"దూకినా సార్."

"ఎందుకు?"

"ఇంటి పనుండాది సార్."

ఆ మాట సార్ రోజూ వినేదే. సినిమాకు పోయి దొరికినవాడూ ఇంటి పనే చెబుతాడు. ఆయన ముఖం ఎర్రబడింది. "అయితే ఆ ఇంటి పనే చేసుకో పో. మద్యానాలు నీకు హాజరే ల్యాదు. పది పరీక్షకు నీ పేరు పంపను."

పేర్లు పంపాల్సింది ఆ వారంలోనే. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆ పిల్ల ఏడవలేదు. నేల మీది బండల వైపు చూసి, "లెక్కల పరీక్ష ఒక్కటన్నా రాయనీయండి సార్" అంది.

అది విన్నాక నేను ఊరుకోలేకపోయాను. పిల్ల బయటికి పోగానే సార్‌తో అన్నాను. "ఒక్కరోజు ఆ పిల్ల ఎమ్మటి పోయి చూద్దాం సార్."

"నేను హెడ్మాస్టర్నా, పిల్లోల్ల ఎనకాల తిరిగే పోలీసునా?"

"పేరు రేపైనా కొట్టేయొచ్చు. కొట్టేసినాక ఇంక చూసేకి ఏముంటాది సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే, పోదాం పదమ్మా. ఇంటికి పోయి టీవీ చూస్తాంటే మాత్రం రేపే కొట్టేస్తా."

గుమ్మంలో ఈరమ్మ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో. "నేనూ వస్తాండా సారూ. నా పప్పు మీద పడిన మాట నేనే తుడుచుకోవాల."

ఫ్యాక్టరీ గోడ నీడ

ఆ మధ్యాహ్నం గేటు తాళం తీయించాం. దస్తగిరమ్మ ముందు పరుగులాంటి నడకతో పోతోంది. వెనక్కి తిరిగి చూసే తీరిక ఆ పిల్లకు లేదు. కాస్త దూరంలో గొడుగు పట్టుకుని సార్, ఆయన వెనక నేను, నా వెనక గరిటె దించని ఈరమ్మ. వీధిలో ఒకాయన అరుగు మీంచి అరిచాడు.

"ఏం సారూ, పెండ్లిచూపులకా?"

"కాదప్పా, పప్పు కేసు" అంది ఈరమ్మ.

దస్తగిరమ్మ ఇంటికి పోయింది. గడపలో వాళ్ళవ్వ గుడ్డలో కట్టిన గిన్నె పట్టుకుని సిద్ధంగా ఉంది. గిన్నె అందుకుని ఆ పిల్ల లారీల రోడ్డెక్కి, తెల్లటి రాతిపొడి దిబ్బల మధ్య నుంచి ఫ్యాక్టరీ వైపు పోయింది. మేమూ పోయాం. ఫ్యాక్టరీ గోడ పక్కన నిలువుగా పేర్చిన బండల నీడలో, వరసగా, మా పిల్లలు! తొమ్మిది, పది తరగతుల్లో రోజూ మాయమయ్యేవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. ఒక్కొక్కరి పక్కన ఒక్కో సద్దిగిన్నె. రాతిముక్కలతో అచ్చంగాయలు ఆడుతున్నారు. దస్తగిరమ్మ పోయీపోగానే "నాది ఆట మిగిలింది, జరుగు" అంటూ ఒకమ్మాయిని తోసి కూర్చుంది.

ఎవరో మమ్మల్ని చూశారు. అందరూ ఒక్కసారిగా లేచి, క్లాసులో లాగే చేతులు జోడించి, "నమస్తే సార్!" అన్నారు.

సార్ గొడుగు ముడిచాడు. "సుంకులమ్మా, మన హాజరంతా ఈడుండాది కదమ్మా!"

గేటు దగ్గరి వాచ్‌మన్ పెద్దాయన దగ్గరికి వచ్చి సంగతి చెప్పాడు. "సైరను కూసేదాంక మిషన్లు ఆపరు సారూ. గిన్నెలు నాకాడ పెట్టి పోండ్రా అని ముందట్ల చెప్పినా. పనోల్లు ఒకని సంగటి ఒకడు తిని కొట్లాడుకున్యారు. అప్పట్నుంచి ఎవురి సద్ది వాళ్ళ బిడ్డే ఇయ్యాల."

ఆ సైరన్ మా అన్నం బెల్లుకు దాదాపు గంట తర్వాత మోగుతుంది. అది మోగాక తలుపులు తెరుచుకుని మనుషులు బయటికి వచ్చారు. అందరూ తల నుంచి కాలి దాకా తెల్లగా ఉన్నారు. ఆ తెల్లదనంలో ఎవరు ఎవరి నాయనో పిల్లలకు మాత్రమే తెలుసు. దస్తగిరమ్మ నాయన ఉసేనయ్య సార్‌ను చూడగానే బెదిరిపోయి తలగుడ్డ తీశాడు.

"మా పాప ఏం తప్పు చేసినాది సారూ?"

సార్ ఆ పిల్ల చేతిలోని గిన్నె వైపు చూశాడు. "ఏం చేయల్యాప్పా. నీకు బువ్వ తెచ్చినాది."

"దినామూ తెస్తాది సారూ. ఇంట్లో మాయమ్మ ఉండాది గాని అంత దూరం నడ్సల్యాదు. పొద్దున్నే చేసి తెచ్చుకుంటే సంగటి ఈ యాలకు రాయైపోతాది. ఈడ రాళ్ళకేం కొదవ సారూ!" తనే నవ్వాడు. "కూచోండి, ఒక ముద్ద తినండి."

మా సార్ ఒకరింట్లో మంచినీళ్ళు కూడా ఆలోచించి తాగే మనిషి. ఆయన ఆ బండల మీద కూర్చున్నాడు. ఉసేనయ్య గిన్నెలోంచే సంగటి తుంచి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి అద్దుకుని తిన్నాడు. ఈరమ్మ కూడా ఊరిబిండి వేలితో నాలుకకు రాసుకుని చూసింది. "ఉప్పు రవ్వంత ఎక్కువుండాది. పిల్లోల్లూ, నిజం చెప్పండి, నా పప్పు ఎట్లుంటాది?"

"శానా బాగుంటాది ఈరమ్మక్కా!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

"ఇన్యారా సారూ?"

సార్ చెయ్యి కడుక్కుంటూ దస్తగిరమ్మనే అడిగాడు. "ఇది అయినాక బడికి ఎందుకు రావు?"

"ఎట్లొచ్చేది సార్? నాయన తిని గిన్నె ఇచ్చి, నేనొచ్చేతలికి మీరు గేటు ఏసేసింటారు."

బెల్లు ఎవరిది

తిరిగి వచ్చేటప్పుడు సార్ గొడుగు తెరవకుండానే ఎండలో నడిచాడు. బడి గేటు దగ్గర ఆగి, ఆ తాళం చేతిలో పట్టుకుని, "అయితే గవర్నమెంటు బెల్లు ఫ్యాక్టరీ కూత ఎనకాల పోవాల్నా?" అన్నాడు. కోపం లేదు గొంతులో. నిజంగానే అడుగుతున్నాడు.

"ఆ కూత మన చేతిలో ల్యాదు సార్. బెల్లు మన చేతిలో ఉండాది" అన్నాను. ఈరమ్మ నావైపు చూసింది. ఆ వాక్యం ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఆమెకు తెలుసు.

మర్నాటి నుంచి అన్నం బెల్లు సైరన్‌కు కాస్త ముందు వేళకు జరిగింది. రెండో బెల్లూ జరిగింది. అంతా చక్కబడిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆరో తరగతి పిల్లలు ఆకలికి ఏడ్చారు. అప్పుడు చిన్న తరగతులకు పాత వేళ, పెద్ద తరగతులకు కొత్త వేళ అని విడదీశాం. "ఒగ పూట రెండుసార్లు వడ్డించేకి నాకేమన్నా నాలుగు చేతులుండాయా?" అని ఈరమ్మ అలిగింది. పెద్దపిల్లలు వంతులవారీగా వడ్డించారు. కొన్నాళ్ళు వరండాలో ఒకటే గోల. కానీ అన్నాల తర్వాత నా లెక్కల క్లాసులో బెంచీలు నిండాయి. ఆ మొదటిరోజు నేను లెక్క తప్పు చెప్పాను, అంత సంతోషంలో ఉన్నాను.

పై అధికారి ఒకాయన వచ్చాడు. "ఎవర్నడిగి బెల్లు మార్చారు?"

"అడిగింటే వద్దంటారని అడగల్యా సార్" అన్నాడు ఓబుల్‌రెడ్డి సార్. "లోపలికి వచ్చి పిల్లోల్లను చూడండి. చూసినాక వద్దనండి."

ఆయన అన్ని తరగతులూ తిరిగాడు, ఈరమ్మ పప్పు తిన్నాడు, జీపెక్కి పోయాడు. సరే అనలేదు, వద్దనలేదు. మన శాఖలో దాన్నే అనుమతి అంటారు. అలవాటు చేసుకోండి.

ఇక దస్తగిరమ్మ హాజరు సంగతి. తక్కువైన హాజరును మన్నించమని పైకి రాయాలి. జ్వరమని రాస్తే సులువుగా అయిపోతుందన్నాడు క్లర్కు. సార్ ఒప్పుకోలేదు. "జ్వరం ఆ పిల్లకు ల్యాదప్పా, బడికి ఉండాది. బడి వేళలు సరిగా లేనందువల్ల అని రాయి. కింద సంతకం నాదే కదా." జవాబు వచ్చేదాకా ఆయన రోజూ తపాలా అతనికి ఎదురుపోయేవాడు. పేరు వెళ్ళింది. దస్తగిరమ్మ పరీక్ష రాసింది. లెక్కల్లో బడికంతా మొదటి మార్కు ఆమెదే. తెలుగులో మాత్రం ఒడ్డున పడింది.

హెడ్మాస్టరంటే ఎవరని మీరడిగితే నేను ఆ మనిషినే చూపిస్తాను. పప్పు విషయంలో ఆయన తప్పాడు, తాళం విషయంలో ఇంకా తప్పాడు. కానీ బండల మీద కూర్చున్నవాడు లేచేసరికి మనసు మార్చుకున్నాడు. అది తన ఓటమి అనుకోలేదు. ఎన్నడూ తప్పు చేయని హెడ్మాస్టర్ల దగ్గర కూడా పనిచేశాను. వాళ్ళ దగ్గర నేర్చుకున్నది ఏమీ గుర్తు లేదు.

నేను కుర్చీలో కూర్చున్నాక

తర్వాత బనగానపల్లె వైపు ఒక బడికి నేను హెడ్మిస్ట్రెస్‌గా పోయాను. చేరినరోజే అన్నం బెల్లు తర్వాత పిల్లల వెనక బయల్దేరాను. "ఈ మేడంకు బళ్ళో పన్లేదా?" అని ఊళ్ళో అనుకున్నారు. ఇదే నా పని అని వాళ్ళకు అర్థమయ్యేసరికి చాలాకాలం పట్టింది. మామిడి కోతల కాలంలో తోటల దాకా పోయాను.

పోయిన ప్రతిసారీ మనసు కరిగించే సంగతి దొరుకుతుందని మాత్రం ఆశపడకండి. ఒకడి వెనక ఎండలో మైళ్ళు నడిచాను. వాడు నేరుగా బావి దగ్గరికి పోయి, చొక్కా విప్పి, దూకాడు. చక్కగా ఈత కొట్టాడు. గట్టు మీద నన్ను చూసి, "మేడం, మీకూ ఈత వచ్చునా?" అన్నాడు. చెవి పట్టుకుని బడికి తెచ్చాను. నాయకత్వం మీద ట్రైనింగుల్లో మాకు ఎన్నో చెప్పారు. నాకు పనికొచ్చింది ఒకటే: పిల్లను బడి నుంచి తీసేయకముందు, మెచ్చుకోకముందు కూడా, ఆ పిల్ల నడిచే దారిలో ఒకసారి నడవాలి. జాలి పడాలా, చెవి పట్టుకోవాలా అన్నది ఆ దారే చెబుతుంది.

దస్తగిరమ్మ డిగ్రీ పాసైనరోజు ఉసేనయ్య గౌను ఫొటో తలుపుకు ఎదురుగా తగిలించాడు. మేకు నన్నే కొట్టమన్నాడు. వంకరగా కొట్టాను. ఆ తర్వాత ఆమె ప్రైవేటు బళ్ళలో ఏళ్ళ తరబడి చెప్పింది, డీఎస్సీ రాసింది, పోయింది, మళ్ళీ రాసింది. చివరికి ఈ ఊగే కుర్చీ దొరికింది.

ఇప్పుడే వచ్చిన ఫోను

ఇంతవరకూ రాసి అన్నానికి లేవబోతుంటే మళ్ళీ ఫోన్. దస్తగిరమ్మే. వెనక పళ్ళేల చప్పుడు.

"తిన్యావా?" అన్నాను.

"ఇంకా ల్యా మేడం. ఈడ ఐదో తరగతి పిల్లోల్లు నలుగురు పళ్ళేలు కడిగేసి గేటు దాటుతాండారు. నిన్నా అట్లే పోయినారంట, మళ్ళీ రాల్యాదంట."

"గేటుకు తాళముండాదా?"

"ఉండాది మేడం. బీగంచెవి బీరువాలో పెట్టేసినా. చెప్పులేసుకుంటాండా. ఉండండి, పెట్టేస్తా."

కానీ ఫోన్ కట్ చేయడం మరిచిపోయింది. చెప్పుల చప్పుడు వినిపించింది. గేటు కిర్రుమంది. దూరంగా ఒక పిల్లవాడు "ఒరేయ్, టీచరు మనెమ్మటి వస్తాంది రా!" అని అరిచాడు. అంతలో వెనక నుంచి నేనెరగని ఒక ఆడగొంతు, రొప్పుతూ.

"ఉండు టీచరమ్మా, నేనూ వస్తాండా! నా పప్పు బాగాల్యాకనే పోతాండారని అంటాండారు ఊర్లో!"